పెట్టె కదిలినందుకు సంజాయిషీ

జూన్ 3

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ నాకు తెలిసేదెలా? నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావట, నేను ఎత్తలేదట. ఎత్తను. ఇక మీదట కూడా ఎత్తను. కారణం రాస్తాను గానీ సగమే రాస్తాను. మిగతా సగం ఎవరికీ చెప్పనని నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

మా లాండ్రీ ఆడవాళ్ల పొదుపు సంఘం నీకు తెలుసుగా. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్లు, ఆరేసేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, చిరుగులు కుట్టే నేను, అంతా కలిపి పద్నాలుగు మందిమి. పదహారేళ్లుగా మా డబ్బు ఇనప పెట్టెలో ఉండేది. మూడు తాళాలు, ముగ్గురి కొంగున మూడు తాళంచెవులు. ఒక్క నోటు తేడా వచ్చింది లేదు. మొన్న మీ బ్యాంకు నుంచి టై కట్టుకున్న ఆఫీసరొకడు వచ్చి, ఆ పెట్టె పాతకాలం నాటిదని పాతసామాను కింద పట్టుకుపోయి కొత్తది ఇచ్చాడు. ఎండలో ఆ టై అతనికే ఉరి బిగిస్తోంది, అయినా విప్పడు.

"ఇది మాట్లాడే పెట్టె అమ్మా. మీ పేటకు బ్యాంకు రాదు, ఇకనుంచి ఈ పెట్టే మీ బ్యాంకు" అన్నాడు. నోటు వేస్తే తనే లెక్కపెట్టుకుని, ఆ కబురు గాల్లోనే మీ ఆఫీసుకు చేరవేస్తుందట. ముగ్గురు వేళ్లు ఆనిస్తే తెరుచుకుంటుందట. మా బాయిలరమ్మ, అదే, ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసే ఆవిడ, నడుం మీద చెయ్యేసుకుని అడిగింది: "మాట్లాడేదైతే మన మాటలు వింటుంది కూడానా బాబూ?" అతను నవ్వాడు. వినదని మాత్రం అనలేదు. చూశావా, అనలేదు!

అందుకే ఫోన్ మానేశాను. ఫోనూ గాల్లో మాట్లాడేదే, పెట్టే గాల్లో మాట్లాడేదే. రెండూ కలిస్తే ఏం చెప్పుకుంటాయో ఎవరికి తెలుసు?

పెట్టె ఎవరింట్లో ఉందని అడక్కు. బంధువులకు అసలే చెప్పరాదనీ, పెట్టెను ఒంటరిగా వదలరాదనీ కాగితంలో ఉంది. అయితే ఒక సలహా కావాలి. ఒక మనిషి దగ్గర విలువైన వస్తువు ఒకటి ఉందనుకో. ఊరికే, అనుకో. ఇంట్లో మరో మనిషి లేదు, పనికి పోక తప్పదు. ఆ వస్తువును ఏం చెయ్యాలి?

ఇంకో దిగులు. ఆసుపత్రి వాళ్లు లాండ్రీని కాంట్రాక్టుకు ఇచ్చేస్తున్నారు. మొదటి హక్కు పనిచేసే మాదే, కానీ జూలై పదిహేను సాయంత్రం ఐదులోగా ధరావతు కట్టాలి. కట్టలేకపోతే బయటి కాంట్రాక్టరు కాచుకునే ఉన్నాడు. వాడు వస్తే తన మనుషుల్ని పెట్టుకుని మమ్మల్ని ఇంటికి పంపుతాడు. పెట్టెలో ఉన్నది ధరావతుకు సరిగ్గా సరిపోతుంది. ఆ రోజు దాకా పెట్టె క్షేమంగా ఉండాలి, నేను బతికుండాలి.

మోకాలు అలాగే ఉంది.

నీ అత్త

జూన్ 11

అత్తకు నమస్కారాలు.

ఫోన్ చెవులున్న దెయ్యం కాదు అత్తా. సరే, నీతో వాదించి గెలిచిందెవరు గనక!

నీకో మంచి వార్త. మీ సంఘానికి ఇచ్చిన పెట్టెలాంటివి ఈ వైపు ఆడవాళ్ల సంఘాల దగ్గర ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. హెడ్డాఫీసులో వాటిని కనిపెట్టి చూసే గదిలోకి నన్ను మార్చారు. పెట్టె కదిలితే తెలుస్తుంది, వేడెక్కితే తెలుస్తుంది, తెరిస్తే తెలుస్తుంది. వస్తువులే బ్యాంకుతో మాట్లాడుకునే కాలం వచ్చింది. రేపు శాఖలూ ఉండవు, క్యూలూ ఉండవు. నా తెర మీద ఊళ్లూ పేర్లూ కనిపించవు, నంబర్లే. ఆ నియమం నాకు నచ్చింది, పక్షపాతానికి చోటుండదు. ఫోన్లు మాత్రం గది బయట బీరువాలో పెట్టి లోపలికి వెళ్లాలి.

నీ వస్తువు సంగతి అర్థమైంది. మామయ్య చేయించిన గొలుసే కదా? ఇంట్లో ఒంటరిగా వదలకు. ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకో. పైకి కనబడకుండా మందపాటి బట్టలో చుట్టుకో.

ధరావతు గురించి బెంగపడకు. మా పెట్టెలు మొరాయించవు.

నీ మేనల్లుడు

జూన్ 19

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. పద్నాలుగేళ్లు చదివి, రెండు పరీక్షలు రాసి, చివరికి పెట్టెలు కూర్చున్నాయా లేచాయా అని చూసే ఉద్యోగంలో కుదురుకున్నావన్నమాట. వదినకు గర్వంగానే ఉండి ఉంటుంది. మా ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చేసేదీ అదే, అతనికి కుర్చీ ఒక్కటే తక్కువ.

మా సంఘం పెట్టె కూడా నీ తెర మీద ఉందేమో. ఉన్నా నువ్వు గుర్తుపట్టలేవు. అది బుద్ధిగా ఉండే పెట్టె, బుద్ధిగా ఉన్నవాళ్లను ఎవరు చూస్తారు?

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. వస్తువును రెండు పాత కంబళ్లలో చుట్టి, దుప్పట్లు మోసే సంచీలో పెట్టి, భుజాన వేసుకుని వెళ్తున్నాను. ఉదయం లాండ్రీకి, మధ్యాహ్నం బజారుకు, మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి. "ఆ సంచీ కింద పెట్టండి" అన్నాడాయన. పెట్టలేదు. ఒళ్లో పెట్టుకునే అక్షరాలు చదివాను, సగం తప్పు చదివాను. భుజం లాగేస్తోంది. గొలుసైతే ఇంత బరువెందుకని అడక్కు, అన్నీ అడిగి చెప్పించుకుంటే నా సంతకానికి విలువేముంది?

లాండ్రీలో ఇస్త్రీ గది పక్కనే నా కుట్టు బల్ల. సంచీని అక్కడే గోడకు ఆనించి కూర్చుంటాను. ఇస్త్రీ చేసే ఆవిడకు, మేమంతా ఇస్త్రీ వదిన అంటాంలే, నోరు ఊరుకోదు. "ఏం పెద్దమ్మా, మొగుణ్ణి కూడా ఇంత జాగ్రత్తగా మోసి ఉండవు" అంది. "మొగుడు కాళ్లున్నవాడు, తనే నడిచాడు" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఆ గదిలో ముగ్గురికి మాత్రమే తెలుసు, సంచీలో... సరే, ఇక్కడితో ఆపుతాను.

టై ఆఫీసరు మళ్లీ వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఒక బొమ్మలో రైతూ, పెట్టే, మేఘమూ. మేఘం దేనికని అడిగితే డబ్బు లెక్క మేఘంలో దాస్తారట. "వాన పడితే?" అంది బాయిలరమ్మ. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా డబ్బు సంగతి ఇలాంటి తెలివైనవాళ్ల చేతిలో ఉంది.

జూలై పదిహేను దగ్గరపడుతోంది. అన్నం సయించడం లేదు.

అత్త

జూన్ 27

అత్తకు నమస్కారాలు.

నా ఉద్యోగాన్ని వాచ్‌మన్‌తో పోల్చావు. అయితే ఈ వాచ్‌మన్ ఒక దొంగను పట్టబోతున్నాడు, విను.

212 నంబరు పెట్టె ఒకటుంది. మేం దానికి దేశదిమ్మరి అని పేరు పెట్టాం. మిగతా పెట్టెలన్నీ పెట్టిన చోట ఉంటాయి, ఇది మాత్రం రోజూ ఉదయం బయల్దేరి రెండు మూడు కిలోమీటర్లు తిరిగొస్తుంది. ఎక్కడెక్కడో ఆగుతుంది. పైగా దీనికి జ్వరం! ఒకరోజు నలభై ఆరు డిగ్రీలు చూపించింది. దాన్ని పెట్టుకున్న మనిషి వేడిపెట్టి తెరవాలని చూస్తోందనీ, తాళాలు తీసేవాళ్ల కోసం ఊరంతా తిప్పుతోందనీ నా అనుమానం. నేను మీట నొక్కితే పెట్టె బిగుసుకుపోతుంది, ఇక ఎవరి వేలికీ తెరుచుకోదు. కానీ చెయ్యి ఆడటం లేదు. ఒకవేళ అమాయకురాలైతే? నువ్వైతే ఏం చేస్తావు?

గొలుసు జాగ్రత్త.

నీ మేనల్లుడు

జూలై 4

చిరంజీవి మేనల్లుడికి,

అమాయకురాలా? నీకు మతి ఉందా? పదిమంది కష్టం దాచుకున్న పెట్టెను పట్టుకుని ఊరేగే ఆడది అమాయకురాలా? అలాంటి దొంగమొహంది ఒకత్తి ఉంటే చాలు, నమ్మకంగా కాపలా కాసే మాలాంటి... కాసేవాళ్లందరికీ తలవంపులు. దానికి జ్వరమట! పొయ్యి మీద పెట్టి ఉంటుంది. బిగించెయ్యి. ఇంకా ఆలోచించావంటే నువ్వు మా అన్న కొడుకువే కాదు.

నేనూ ఒక వస్తువును మోసుకు తిరుగుతున్నాను కదా అనబోతావు. అది వేరు. నాది జాగ్రత్త, దానిది దొంగబుద్ధి. మనిషి మొహం చూస్తే తెలిసిపోతుంది. నీ తెరలో మొహాలు కనిపించవు గనకనే నీకీ తికమక.

నువ్వు ఆ సంగతి రాసినప్పటినుంచి నాకు భయం రెట్టింపయింది. ఇలాంటివాళ్లు మా పేటలోనూ ఉంటే? మొన్నటిదాకా కుట్టేటప్పుడు సంచీని గోడకు ఆనించేదాన్ని, ఇప్పుడు ఒళ్లోనే పెట్టుకుని దాని మీదనుంచే కుడుతున్నాను. సూది రెండుసార్లు వేలిలో దిగింది. బాయిలరమ్మ నా మొహం చూసి, "పెద్దమ్మా, పదిహేనో తారీకుకి ముందే నువ్వు పోతే మేం ఎవరి వేలు పెట్టి తెరవాలి?" అంది. ఆవిడ పరామర్శ అలాగే ఉంటుంది.

పదిహేనున ఉదయం తెరిచి, మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి ఆఫీసులో ధరావతు కట్టేస్తాం. కాంట్రాక్టరు మనిషి అప్పుడే వచ్చి మా బల్లలు కొలుచుకుంటున్నాడు. నా బల్ల కొలిచేటప్పుడు, "లే అవ్వా" అన్నాడు. లేవలేదు. నన్ను కూడా కలిపే కొలుచుకున్నాడు వెధవ.

అత్త

జూలై 10

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందిన మధ్యాహ్నమే 212ను బిగించేశాను. మా పై ఆఫీసరు భుజం తట్టాడు, ఈ వైపు ఇదే మొదటి కేసట. ఇక ఆ కాపలామనిషి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చి, అది ఇక్కడ ఆమోదం పొందేదాకా పెట్టె తెరుచుకోదు. కనీసం నెల పడుతుంది. దొంగకు ఆ మాత్రం తిక్క కుదరాలి. చెయ్యి ఆడని నాకు ధైర్యం చెప్పింది నువ్వే. ఆఫీసులో నీ పేరు చెప్పలేను గానీ ఘనత నీదే.

పదిహేనో తారీకు కోసం ఎదురుచూస్తున్నాను. ధరావతు కట్టగానే ఒక్క ముక్క రాయి.

నీ మేనల్లుడు

జూలై 16

మేనల్లుడికి,

ధరావతు కట్టాం. ఒక్క ముక్క రాయమన్నావు గనక అది ముందు రాశాను. మిగతాది కూర్చుని చదువు.

నిన్న ఉదయం పదకొండింటికి లాండ్రీలో అందరి ముందూ సంచీ విప్పాను. "అయితే ఇన్నాళ్లూ ఇదేనా!" అని ఇస్త్రీ వదిన నోరు వెళ్లబెట్టింది. ముగ్గురం వేళ్లు ఆనించాం. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ ఆనించాం. అప్పుడు పెట్టె మాట్లాడింది. "మీ పెట్టె పరిశీలనలో ఉంది" అంది, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా. బాయిలరమ్మకు ఒళ్లు మండింది. "నెలన్నర నోరు మెదపలేదు, ఇవాళే వచ్చిందీ దీనికి మాట!" అంది.

మీ బ్యాంకుకు ఫోన్ చేశాం. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, తర్వాత పాట వేసింది. పద్నాలుగు మందిమీ చేతులు కట్టుకుని పాట విన్నాం. టై ఆఫీసరుకు చేస్తే ఎక్కడో శిక్షణలో ఉన్నానన్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి నీకూ చేశాను, ఆరుసార్లు. నీ ఫోన్ బీరువాలో మోగుతూ ఉండి ఉంటుంది. మూడు దాటింది. కాంట్రాక్టరు మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు పోస్టుమాన్ వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. దారి ఏమైనా చెప్పి ఉంటావని ఆశగా చింపి చదివాను. "బాయిలరమ్మా, ఆ పెట్టె అడుగున నంబరేమైనా ఉందేమో చూడు" అన్నాను. ఆవిడ కంబళి లాగి, తిరగేసి చదివింది. "రెండు వందల పన్నెండు."

"ఏమైంది పెద్దమ్మా, నీ మొహమేమిటి అలా పాలిపోయింది?" అంది ఇస్త్రీ వదిన.

చెప్పాను. ఆ దొంగమొహంది నేనేననీ, బిగించింది నా మేనల్లుడేననీ, బిగించమన్నది కూడా నేనేననీ. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఉతికేవాళ్లలో ఒకావిడ, "మా పొట్ట కొట్టడానికి మీ ఇంట్లో ఇద్దరు కావలసి వచ్చిందా?" అంది. అది పడ్డాను.

బాయిలర్ తలుపు తెరిచే ఇనప గడ్డపార తెచ్చింది బాయిలరమ్మ. "జరుగు" అంది. నేను జరగలేదు. కాపలా నాది, కొట్టడమూ నాదే అన్నాను. నీకు తెలుసు, నేను పటాసు మోగితే చెవులు మూసుకునే మనిషిని. తొమ్మిది దెబ్బలు కొట్టాను. నాలుగో దెబ్బకు అది కేకలు మొదలుపెట్టింది. పై అంతస్తు రోగులంతా కిటికీల్లోకి వచ్చారు. తొమ్మిదో దెబ్బకు మూత ఊడింది. నాలుగు నలభైకి ఆఫీసు గుమాస్తా రసీదు రాశాడు. కాంట్రాక్టరు మనిషి తన కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఐదున్నరకు పోలీసులు, వాళ్ల వెనక టై ఆఫీసరు. శిక్షణ అప్పటికి అయిపోయినట్టుంది. పెట్టెలో ఉండవలసిందెంతో, రసీదులో ఉన్నదెంతో చూసుకుని పోలీసాయన, "దీనికి దొంగతనం అని ఎలా రాయను?" అని తల గోక్కున్నాడు.

నీ మీద కోపం ఉందో లేదో ఇంకా తెలియడం లేదు. గడ్డపార పట్టిన అరచేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

అత్త

జూలై 22

అత్తకు,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. చదివాక చింపెయ్యి.

పెట్టె పగిలిన సంగతి పైదాకా వెళ్లింది. సంజాయిషీ కోరుతూ నీకు నోటీసు వస్తుంది. కింద సంతకం నాదే ఉంటుంది, కంగారు పడకు. ఏ ఆధారంతో బిగించావని నన్ను అడుగుతున్నారు. తెర చూసి అన్నాను. నువ్వు మా అత్తవని వాళ్లకు తెలియదు. మా అత్త ఉత్తరం చూసి మీట నొక్కానని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు, అమ్మ మందుల సంగతి నీకు తెలియనిది కాదు.

అందుకని ఒక్క సాయం చెయ్యి. పెట్టె చెయ్యి జారి పడి పగిలిందని రాయి. రెండు వాక్యాలు చాలు. అప్పుడది కాపలామనిషి నిర్లక్ష్యం కిందికి వస్తుంది. మీ సంఘం పెట్టె ఖరీదు కట్టాలి, ఇకముందు మీకు పెట్టె ఇవ్వరు, అంతే. ఆ ఖరీదు నేను రహస్యంగా పంపుతాను. నిజం రాస్తే తప్పు బ్యాంకుదవుతుంది, అంటే నాదవుతుంది. నన్ను గట్టెక్కించు.

నీ మేనల్లుడు

జూలై 29

మేనల్లుడికి,

నోటీసు అందింది. "సదరు కాపలాదారు" అని రాశావు నన్ను. నీ సంతకం గుండ్రంగా, అందంగా ఉంది. నీ చెయ్యి పట్టుకుని పలక మీద రాయించిన రోజుల్లో ఇంత వంపు ఉండేది కాదు.

నీ ఉత్తరం చింపలేదు. చూపించలేదు కూడా. రెండు రోజులు బొడ్లో పెట్టుకు తిరిగాను. వదిన మందులు గుర్తొచ్చినప్పుడల్లా జారి పడిందని రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు పాడుచేశాను. కలం కదల్లేదు. జారిందని రాస్తే నిర్లక్ష్యం మాదవుతుంది, పద్నాలుగు మంది పేరు మీ మేఘంలో మచ్చపడి ఉండిపోతుంది. వాళ్లలో ఒక్కతి కూడా ఏమీ జారవిడవలేదు.

అందుకని సంజాయిషీ ఇలా రాశాను, వినేముందు మంచినీళ్లు తాగు:

"బ్యాంకు పెద్దలకు. పెట్టె ఎందుకు కదిలిందని అడిగారు. నేను కదిలాను గనక కదిలింది. ఒంటరిగా వదలొద్దని మీ కాగితంలోనే ఉంది, దానికి కాళ్లు మీరు పెట్టలేదు. ఎందుకు వేడెక్కిందని అడిగారు. రెండు కంబళ్లు చుట్టి ఇస్త్రీ గది పక్కన కూర్చోబెడితే మీరూ వేడెక్కుతారు. వింటుందా అని అడిగితే మీ ఆఫీసరు నవ్వాడు, ఆ నవ్వుకు చుట్టిన కంబళ్లు అవి. ఎందుకు పగిలిందని అడిగారు. నేను పగలగొట్టాను, తొమ్మిది దెబ్బలు. తెరుచుకుని ఉంటే కొట్టేదాన్ని కాదు. కదలడం తెలిసింది, వేడి తెలిసింది, ఇంత తెలిసిన మీకు ఒక మనిషిని పంపి 'ఏమ్మా, ఎందుకిలా' అని అడగడం తెలియలేదు. బిగించిన ఆఫీసరు నా మేనల్లుడు. అనుమానం వచ్చి తను ఆగాడు, బిగించమని తొందరపెట్టింది నేను. ముసలమ్మ మాట విని మీటలు నొక్కే ఉద్యోగమైతే ఆ జీతంలో సగం నాకు ఇప్పించండి. తప్పు అంటే నా వంతు నేను తీసుకుంటాను, తన వంతు తను తీసుకుంటాడు. మా పద్నాలుగు మంది వంతు ఇందులో లేదు."

కింద నేను సంతకం పెట్టాను. రాసింది చదివి వినిపించాక మిగతా పదముగ్గురూ పెట్టారు. పొట్ట కొట్టారన్న ఆ ఉతికే ఆవిడ చివర పెట్టింది. "మీవాడి ఉద్యోగం పోతే?" అని అడిగింది. పోతే ఇక్కడికి రమ్మంటాను, ఆరేసే చోట ఒక మనిషి తక్కువ అన్నాను. అని ఇంటికొచ్చి ఏడ్చాను.

దీన్ని నేరుగా మీ పెద్దాఫీసుకే పంపమంది బాయిలరమ్మ. "మీవాడి చేతికిస్తే చింపేస్తాడు" అంది. చింపడన్నాను. పైకి గట్టిగానే అన్నాను. ఇంకో ప్రతి తీసి పెట్టుకోలేదు, ఉన్నది ఇదొక్కటే.

దీనితోపాటు పై ఆఫీసరు చిరునామా రాసిన కవరు పెట్టాను. సంజాయిషీ అందులోనే ఉంది. కవరు అంటించలేదు.

అత్త